ఒడ్డు చేరిన దీవి

మధ్యధరా సముద్రానికి తూర్పు తీరాన లెబనాన్ అనే చిన్న దేశం వున్నది. దాని రాజధాని అయిన బెయిరూట్ నుంచి సముద్రపు ఒడ్డు వెంబడి దక్షిణంగా 80 కిలోమీటర్లు వెళితే ఒక రేవుపట్నం వస్తుంది. అరబ్బీ భాషలో దాని పేరు సూర్. ఇంగ్లీషు పుస్తకాలలో టైర్ అని వుంటుంది. బండి టైరుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. తెలుగు బైబిలులో ఈ పట్నాన్ని తూరు అన్నారు కనక మనమూ అలాగే అందాం. ఆ పేరుకు అర్థం "బండరాయి" అని.

పటంలో చూస్తే తూరు సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేలలాగా కనిపిస్తుంది. ఉత్తరపు రేవులో ఈనాటికీ చేపల పడవలు ఆగుతాయి. అక్కడ వున్న పాతపట్నం నుంచి తూర్పుకు నడిస్తే ఇళ్ళూ, దుకాణాలూ, రోడ్లూ దాటుకుంటూ మామూలుగా దేశం లోపలికి వచ్చేస్తాం. దారిలో వంతెన లేదు, నీళ్ళు లేవు.

కాని 2,300 ఏళ్ళ కిందట ఇలా నడిచి రావటం ఎవరివల్లా అయ్యేది కాదు. అప్పుడు తూరు ఒక దీవి. దానికీ ఒడ్డుకూ మధ్య దాదాపు అర మైలు సముద్రం వుండేది. ఆ సముద్రం ఏమయింది?

ఆ కాలంలో ఈ తీరాన ఫినీషియనులు అనే జాతివారు వుండేవారు. వారి నేల సన్నని పట్టీలాటిది. ఒకపక్క ఎత్తయిన కొండలు, రెండోపక్క సముద్రం. పంటలు పండించటానికి చోటు తక్కువ. అయితే కొండల నిండా దేవదారు చెట్లున్నాయి. ఆ కలపతో వారు ఓడలు కట్టి, సముద్రం మీదికి బయలుదేరారు. తూరు రాజైన హీరాము యెరూషలేములో ఆలయం కట్టటానికి సొలొమోను రాజుకు దేవదారు మ్రానులనూ, పనివాళ్ళనూ పంపినట్టు బైబిలులో వున్నది. తూరు నావికులు మధ్యధరా సముద్రమంతా దాటి స్పెయిన్ దాకా వెళ్ళారు. అక్కడి కాదిజ్ నగరం వారు స్థాపించినదే. ఆఫ్రికా తీరాన, ఇప్పటి ట్యునీషియాలో, కార్తేజ్ నగరాన్ని స్థాపించినది తూరు రాజకుమార్తె ఎలిస్సా అని ఐతిహ్యం.

ఫినీషియను వర్తకులు సరుకులతోపాటు మరొకదాన్ని కూడా దేశదేశాలకు చేర్చారు. అది అక్షరమాల. వారి లిపిలో 22 అక్షరాలు మాత్రమే వుండేవి. గ్రీకులు దాన్ని నేర్చుకుని తమ భాషకు తగినట్టు మార్చుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలు ఆ వంశంలోనివే. అదే మూలం నుంచి పుట్టిన అరమేయిక్ లిపి ప్రభావంతో మన బ్రాహ్మీ లిపి ఏర్పడిందని చాలామంది పండితుల అభిప్రాయం. తెలుగు లిపి బ్రాహ్మీ నుంచి వచ్చినదే. ఈ అభిప్రాయమే నిజమైతే మనం పలక మీద దిద్దిన అక్షరాలకూ ఫినీషియనులకూ దూరపు చుట్టరికం వున్నట్టే.

తూరుకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తెచ్చిపెట్టినది ఊదారంగు. ఈ రంగు ఒక జాతి సముద్రపు నత్త నుంచి వస్తుంది. దాని గుల్ల మీద ముళ్ళలాటివి వుంటాయి. నత్త శరీరంలో ఒక చిన్న గ్రంథి వున్నది. అందులోని ద్రవానికి మొదట చెప్పుకోదగిన రంగేమీ వుండదు. గాలీ వెలుతురూ తగిలినకొద్దీ అది పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు తిరిగి, చివరకు ఊదారంగు అవుతుంది. ఆ రంగు వేసిన బట్ట ఎండకూ ఉతుకుకూ సులభంగా వెలవదు. అయితే ఒక్కొక్క నత్తలో వుండే రంగు ఎంత? 1909లో ఒక జర్మన్ రసాయనశాస్త్రజ్ఞుడు 12,000 నత్తలను తీసుకుంటే ఆయనకు లభించినది 1.4 గ్రాములు! అందుచేత ఆ బట్టలు రాజులకూ, మహా ధనికులకూ తప్ప దొరికేవి కావు.

నత్తలు కుళ్ళే కంపు ఊరంతా నిండి వుండేది. రోమను కాలంలో జీవించిన స్త్రాబో అనే భూగోళశాస్త్రజ్ఞుడు, అద్దకపు పనివల్ల తూరులో నివసించటం కష్టమనీ, అయితే ఆ పనివల్లే ఊరికి సంపద కలిగిందనీ రాశాడు. దీవి చిన్నది, జనం ఎక్కువ. అందుకని ఇళ్ళు అంతస్తు మీద అంతస్తుగా, రోము నగరంలోని ఇళ్ళకన్నా ఎత్తుగా కట్టేవారట.

ఇంత సంపద గల ఊరి మీద రాజుల కన్ను పడకుండా వుంటుందా? అస్సీరియా రాజులు వచ్చారు. ఒడ్డు నుంచి దీవికి మంచినీరు రాకుండా అయిదేళ్ళు కాపలా పెట్టారు. తూరు వాళ్ళు దీవిలో బావులు తవ్వుకుని ఆ నీరే తాగారు. తరవాత బాబిలోను రాజు నెబుకద్నెజరు 13 ఏళ్ళు ముట్టడించాడు. అతని సైన్యం కూడా దీవిలో కాలు పెట్టలేకపోయింది. సముద్రమే తమకు కోట అని తూరు వాళ్ళకు నమ్మకం కుదిరింది.

క్రీ. పూ. 332లో అలెగ్జాండరు వచ్చాడు. ఆయన అప్పటికి పర్షియా చక్రవర్తిని ఒక యుద్ధంలో ఓడించి, ఈజిప్టుకు పోతున్నాడు. తీరంలోని ఫినీషియను పట్నాలు ఒకటొకటే లొంగిపోయాయి. తూరు వాళ్ళు కూడా మర్యాదగా కానుకలు పంపారు. "మీ దీవిలో వున్న మెల్కార్త్ దేవుడి గుడిలో నేను బలి అర్పించాలి," అని అలెగ్జాండరు కబురు చేశాడు. ఇందులోని కిటుకు తూరు వాళ్ళకు తెలియకపోలేదు. సైన్యం గల రాజు గుడికని లోపలికి వస్తే మళ్ళీ బయటికి పోతాడా? "మా దీవిలోకి పర్షియను వాళ్ళనూ రానివ్వం, మీ వాళ్ళనూ రానివ్వం. ఒడ్డున పాత తూరులో కూడా గుడి వున్నది, అక్కడ బలి ఇచ్చుకోండి," అని వారు జవాబు చెప్పారు.

అలెగ్జాండరు దగ్గర అప్పుడు తగినన్ని ఓడలు లేవు. ఓడలు లేకుండా దీవిని చేరటం ఎలా? ఒడ్డు నుంచి దీవి దాకా సముద్రంలో కట్ట వేయమని ఆయన ఆజ్ఞాపించాడు. వానరులు లంకకు వారధి కట్టిన కథ విన్న మనకు ఈ ఆలోచన కొత్తగా తోచదు. కాని తూరు వాళ్ళకు ఇది నవ్వులాటగా వుండి వుండాలి.

సైనికులు ఒడ్డున వున్న పాత తూరును పడగొట్టి, ఆ రాళ్ళు మోసుకువచ్చి సముద్రంలో పోశారు. కొండల మీది చెట్లు కొట్టుకువచ్చి గుంజలుగా దిగగొట్టారు. ఒడ్డు దగ్గర నీరు లోతు లేదు, అడుగున బురద. అందుచేత పని చకచకా సాగింది. దీవిని సమీపించేసరికి లోతు 18 అడుగులయింది. గోడల మీది నుంచి బాణాలు వచ్చి పడసాగాయి. అలెగ్జాండరు కట్ట చివర రెండు బురుజులు కట్టించి, వాటి చాటున పని చేయించాడు.

అప్పుడు తూరు వాళ్ళు ఒక పెద్ద ఓడలో ఎండుకట్టెలూ, తారూ, గంధకమూ నింపారు. ముందుభాగం పైకి లేచేటట్టు వెనక భాగంలో బరువులు పెట్టారు. గాలి అనుకూలంగా వున్న రోజున దాన్ని లాక్కుపోయి, కట్ట మీదికి ఎక్కించి నిప్పు పెట్టారు. రెండు బురుజులూ కాలిపోయాయి. ఎన్నో రోజుల పని ఒక్క రోజులో నాశనమయింది.

అలెగ్జాండరు వెనక్కు తగ్గలేదు. కట్టను ఇంకా వెడల్పుగా కట్టమన్నాడు. ఈ లోపల సీదోను, బిబ్లోస్, సైప్రస్ ఓడలు రెండు వందల దాకా ఆయన పక్షం చేరాయి. ఇవి చాలావరకు తూరు వాళ్ళ సాటి ఫినీషియనులవీ, పొరుగువారివీ. ఈ దెబ్బతో తూరు ఓడలు రేవుల్లోనే చిక్కుపడిపోయాయి. అయినా ఊరు లొంగలేదు. తూరు ఈతగాళ్ళు నీటి అడుగున వచ్చి శత్రువుల ఓడల లంగరు తాళ్ళు కోసేవారు. శత్రువులు తాళ్ళకు బదులు ఇనపగొలుసులు వేసుకోవలసి వచ్చింది. గోడ ఎక్కవచ్చిన వాళ్ళ మీద తూరు వాళ్ళు ఎర్రగా కాల్చిన ఇసుక పోశారు. అది కవచాల సందుల్లో దూరి ఒళ్ళు కాల్చేది.

ఏడు నెలల తరవాత దక్షిణపు గోడలో గండి పడింది. ఎనిమిది వేలమంది తూరు వాసులు చనిపోయారనీ, 30,000 మందిని బానిసలుగా అమ్మారనీ గ్రీకు రచయిత అరియన్ రాశాడు. అలెగ్జాండరుతో వచ్చిన సీదోను వాళ్ళు మాత్రం తూరు వాళ్ళు తమవాళ్ళేనని తలచి, ఎందరినో రహస్యంగా ఓడల్లో దాచి ప్రాణాలు కాపాడారట. అలెగ్జాండరు తాను కోరినట్టే మెల్కార్త్ గుడిలో బలి ఇచ్చి, ఈజిప్టుకు వెళ్ళిపోయాడు. తరవాత ఆరేళ్ళకు ఈయనే జీలం నది ఒడ్డున పురుషోత్తముడితో యుద్ధం చేశాడు.

రాజు వెళ్ళిపోయాడు. ఆయన కట్ట వుండిపోయింది. ఇక ఇసుక తన పని ప్రారంభించింది.

ఏరు పారేచోట ఒక బండ అడ్డంగా వుంటే, దాని చాటున నీటి వేగం తగ్గి ఇసుక మేట వేయటం గోదావరి, కృష్ణ ఒడ్డుల పిల్లలు చూసే వుంటారు. తూరులోనూ జరిగినది ఇలాటిదే. సముద్రపు అలలు వచ్చి దీవికి తగిలి, రెండు పక్కలా వంగి తిరిగి, దాని చాటున బలం తగ్గిపోతాయి. ఉత్తరాన లితానీ నది తెచ్చి సముద్రంలో పోసే ఇసుక, తీరం వెంబడి కొట్టుకువచ్చి అక్కడ ఆగుతుంది. 2007లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం అలెగ్జాండరు వచ్చేనాటికే దీవికీ ఒడ్డుకూ మధ్య, నీటికి ఒకటి రెండు మీటర్ల కింద, ఇసుక మేట పెరిగి వున్నది. అందుకనే కట్ట కట్టటం సాధ్యమయింది. కట్ట వచ్చిన తరవాత నీరు అటూ ఇటూ పారటానికి దారి లేకపోయింది. ఇక రెండు పక్కలా ఇసుక పేరుకుని, కట్ట కాస్తా వెడల్పాటి నేల అయిపోయింది.

ఇసుక ఒకపక్క నేల ఇచ్చింది. మరొకపక్క రేవులను పూడ్చింది. ఉత్తరపు పాత రేవులో కొంత భాగం మీద ఇప్పుడు ఇళ్ళున్నాయి. దీవి దక్షిణపు అంచు మాత్రం కుంగి, సముద్రంలో మునిగింది.

ఊరు మాత్రం చావలేదు. ఆ ఘోరం జరిగి ఇరవై ఏళ్ళు కాకముందే తూరు మళ్ళీ కోలుకుని, అంటిగోనస్ అనే సేనాపతి ముట్టడిని 15 నెలలు తట్టుకున్నది. రోమనులు అక్కడ స్తంభాల వరసలతో వీధులూ, విజయతోరణమూ, కమానుల మీద నడిచే నీటికాలవా కట్టారు. రథాల పందేలకు 480 మీటర్ల పొడవున ఒక మైదానం కట్టారు. అందులో 20,000 మందికి పైగా కూర్చోవచ్చు. దాని రాతిమెట్లు ఇప్పటికీ కొన్ని మిగిలి వున్నాయి. 1124లో ఐరోపా క్రూసేడర్లు తూరును పట్టుకున్నారు. 1291లో మామ్లూకులు దాన్ని తిరిగి పట్టుకుని గోడలు పడగొట్టారు. తరవాత చాలాకాలం అది శిథిలాల మధ్య కొద్దిమంది జాలరులుండే ఊరుగా మిగిలి, 18వ శతాబ్దంలో మళ్ళీ పట్నమయింది.

1984లో యునెస్కో సంస్థ తూరును ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పట్నానికి దక్షిణాన వున్న ఇసుకతీరం 1998 నుంచి రక్షిత ప్రాంతం. వేసవి రాత్రులలో సముద్రపు తాబేళ్ళు అక్కడికి వచ్చి, ఇసుక తవ్వి గుడ్లు పెట్టిపోతాయి. తూరు కట్టమీదికి వచ్చిన ఇసుక లాటిదే ఈ ఇసుకా.

2024లో లెబనాన్‌లో జరిగిన యుద్ధంలో తూరు మీద బాంబులు పడ్డాయి. జనం చాలామంది ఇళ్ళు వదిలి ఉత్తరానికి పోయారు. ఆ ఏడు నవంబరు 18న, యుద్ధంలో సాంస్కృతిక సంపదను కాపాడే ఒడంబడిక కింద, లెబనాన్‌లోని 34 స్థలాలకు ప్రత్యేక రక్షణ ప్రకటించారు. వాటిలో తూరు కూడా వున్నది. ఆ ప్రకటన అర్థమేమంటే, ఆ స్థలాల మీద దాడి చేయటంగాని, వాటిని యుద్ధానికి వాడుకోవటంగాని నేరం.

ఒకప్పుడు తూరును కాపాడటానికి అర మైలు సముద్రం వుండేది. ఇప్పుడు ఆ సముద్రం లేదు. దేశాలు ఒకదానికొకటి ఇచ్చుకున్న మాట వున్నది. ఆ మాట నిలిచినంతకాలం ఉత్తరపు రేవులో పడవలు కట్టేసి, చేపల బుట్టలతో బజారుకు బయలుదేరే జాలరి, ఆ పాత కట్ట మీదుగానే నడిచిపోతాడు. అతని కాళ్ళ కింద ఎక్కడో లోతున, పాత తూరు ఇళ్ళ రాళ్ళు ఇంకా అలాగే వున్నాయి.