వాలిన చక్రం, వంగిన మోకాలు

మోకాళ్ల ఎక్స్‌రేలు చూసీ చూసీ అలవాటైన కంటికి, నేలకు దించిన కారు ఎదురొస్తుంటే ముందుగా ఆనేది దాని రంగూ కాదు, రిమ్ములూ కాదు. చక్రాల వాలు. తలలు లోపలికి, అడుగులు బయటికి. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా ఉంటుంది. మెకానిక్కులు దీన్ని నెగటివ్ కేంబర్ అంటారు. 1988 నుంచి 2000 దాకా తయారైన హోండా సివిక్‌లలో ఇది బాగా తెలిసిన బాధ. ఆ కార్ల ముందు చక్రాన్ని పైన ఒక ఆర్మూ కింద ఒక ఆర్మూ పట్టుకుని ఉంటాయి. పైది పొట్టి, కిందిది పొడుగు. స్ప్రింగులు మార్చి బండిని ఓ రెండంగుళాలు దించితే చక్రం బాడీలోకి ఎక్కుతుంది. పొట్టి ఆర్ము చిన్న చుట్టులో తిరుగుతుంది కాబట్టి చక్రం తలను లోపలికి లాగేస్తుంది. దానికి బజారులో దొరికే మందు, పొడవు మార్చుకోగల అప్పర్ ఆర్ము. పై బాల్ జాయింటును కాస్త బయటికి జరిపి బిగిస్తే చక్రం నిలువవుతుంది. రెండు బాల్ జాయింట్ల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు అనుకుంటే, డిగ్రీన్నర సరిచేయడానికి 8 మిల్లీమీటర్లు జరిపితే చాలు. ఇంత సులువైన చికిత్స చూసినప్పుడే వైద్యుడికి అనుమానం రావాలి. అలైన్‌మెంట్ యంత్రం తెర మీద కనిపించే అంకె ఒక లక్షణం మాత్రమే. ఆర్ము ఆ అంకెను మారుస్తుంది. టైరును తింటున్న జబ్బు చాలాసార్లు ఇంకోచోట ఉంటుంది.

ఆ ఇంకోచోటు పేరు టో. పైనుంచి చూస్తే రెండు ముందు చక్రాల ముక్కులు ఒకదానివైపు ఒకటి తిరిగాయా, ఎడమొహం పెడమొహంగా ఉన్నాయా అన్నది. బండి దిగినప్పుడు అప్పర్ ఆర్ముతో పాటు స్టీరింగ్ టై రాడ్డు కోణం కూడా మారుతుంది. అందువల్ల బండి దించి కేంబర్ చెడినప్పుడు సాధారణంగా టో కూడా ఎంతో కొంత చెడుతుంది. ఈ రెంటిలో ఎక్కువ హాని ఏది చేస్తుందో చిన్న లెక్క చెబుతుంది. చక్రం తాను పోవలసిన దారికి అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరు ప్రయాణంలో దాదాపు 9 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టే. పదివేల కిలోమీటర్లకు అది 87 కిలోమీటర్ల ఈడ్పు. కేంబర్ సంగతి వేరు. 185 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు 2 డిగ్రీలు వాలితే లోపలి అంచుకూ బయటి అంచుకూ ఎత్తులో తేడా ఆరున్నర మిల్లీమీటర్లు. అందులో చాలా భాగాన్ని టైరు పక్కగోడలు వంగి సర్దుకుంటాయి. బరువు లోపలి అంచు మీద ఎక్కువ పడుతుంది, నిజమే, కానీ టైరు దొర్లుతూనే ఉంటుంది. టో చెడితే దొర్లుతూ రాసుకుంటుంది. కేంబర్ వాలి, దానికి తోడు చక్రాలు బయటికి తిరిగితే, ఆ రాపిడి అంతా బరువు మోస్తున్న లోపలి అంచు మీదే పడుతుంది. వేళ్లతో తడిమినా తేడా తెలుస్తుంది. కేంబర్ అరుగుదల నున్నగా, ఏటవాలుగా ఉంటుంది. టో అరుగుదల ఒక దిక్కున రాస్తే నున్నన, ఎదురు దిక్కున రాస్తే రంపపు పళ్లు. నాడి చూడకుండా మందు రాసినట్టు, టైరు తడమకుండా ఆర్ములు కొనేవాళ్లే ఎక్కువ.

ఆర్ములు వేశాక టైర్లు బాగా మన్నుతున్నాయని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేను అనను. అయితే ఆర్ము వేసిన ఏ మెకానిక్కయినా తర్వాత చేసే మొదటి పని టో సరిచేయడం. పై బాల్ జాయింటు జరిగితే టో మళ్లీ మారుతుంది కనుక చేయక తప్పదు కూడా. అంటే రోగికి రెండు మందులు ఒకేసారి ఇచ్చారు. జ్వరం తగ్గింది. కీర్తి మాత్రం ఖరీదైన మందుకు దక్కింది. వైద్యంలో ఈ పొరపాటు మాకు కొత్తదేమీ కాదు. మోకాలి నొప్పికి ఇంజక్షనూ, తొడ కండరాల వ్యాయామమూ ఒకే వారంలో మొదలుపెట్టి, తగ్గాక ఇంజక్షన్‌ను పొగిడే రోగులను ప్రతి ఎముకల ఓపీలోనూ చూడవచ్చు. డాక్టర్లలోనూ కొందరు ఉంటారు. దించిన కారుకు ముందు టో ఒక్కటే సరిచేసి, కొన్ని వేల కిలోమీటర్లు తిప్పి, అప్పుడు టైరు చూస్తే ఏ మందు పనిచేసిందో తేలిపోతుంది. దానికయ్యే ఖర్చు ఆర్ముల ఖర్చులో ఓ చిన్న వంతు.

కోణానికి అసలు విలువే లేదా అని మా వృత్తివాళ్లే నన్ను నిలదీయవచ్చు. ఉంది. 2001లో అమెరికన్ వైద్య పత్రిక జామాలో వచ్చిన ఒక అధ్యయనం, అప్పటికే కీళ్లు అరిగినవాళ్లలో దొడ్డికాళ్లు ఉంటే మోకాలి లోపలి వైపు అరుగుదల ముదిరే అవకాశం 18 నెలల్లో నాలుగు రెట్లు పెరిగిందని తేల్చింది. వంకర పక్కనే బరువు, బరువు పక్కనే అరుగుదల. కారుకూ కాలికీ ఇది ఒకటే సూత్రం. కానీ అక్కడినుంచి అంకె సరిచేస్తే చాలనే తీర్మానానికి దూకడం తప్పు. మోకీలు మార్పిడిలో కాలి ఇరుసును నిటారుకు 3 డిగ్రీలలోపు తేవాలన్నది దశాబ్దాలుగా మాకు నేర్పిన పాఠం. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 398 కృత్రిమ మోకాళ్లను పరిశీలించి 2010లో చెప్పిందేమిటంటే, ఆ గీత లోపల ఉన్నవీ బయట ఉన్నవీ 15 ఏళ్ల మన్నికలో చెప్పుకోదగ్గ తేడా చూపలేదని. దానర్థం ఎంత వంకరైనా ఫరవాలేదని కాదు. పడుకున్నప్పుడో నిలబడినప్పుడో తీసిన కోణం, నడిచేటప్పుడు కీలు మోసే బరువు గురించి సగమే చెబుతుందని.

కారులోనూ ఇదే మెలిక ఉంది. షాపులో సున్నా చూపించిన కేంబర్ రోడ్డు మీద సున్నాగా ఉండదు. మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దానితో పాటు బయటికి ఒరుగుతుంది. ముందే కాస్త లోపలికి వాలి ఉన్న చక్రం అప్పుడు రోడ్డు మీద చదునుగా ఆనుతుంది. అందుకే రేసు కార్లకు కావాలనే నెగటివ్ కేంబర్ పెడతారు. కొంచెం వాలు ఆరోగ్యమే. నిలువుగా నిలబెట్టడమే చికిత్స అనుకుంటే మలుపులో బయటి అంచు అరుగుతుంది. పైగా ఆర్ము కేంబర్‌ను తిప్పి తెస్తుందే గాని, బండి దిగడం వల్ల చెదిరిన తక్కినవి చెదిరినట్టే ఉంటాయి. గతుకులో పడినప్పుడు చక్రం పైకి ఎక్కుతూ టో మారిపోవడం అలాగే ఉంటుంది. పాత సివిక్‌లలో ఆర్ము లోపలి రేకుకు తగలడమూ అలాగే ఉంటుంది.

మన రోడ్ల మీద తిరిగే మామూలు కార్లలో చాలావాటికి ముందు స్ట్రట్టే, అంటే స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసిన నిలువు కడ్డీయే, ఉంటుంది. అప్పర్ ఆర్మే ఉండదు. 2001లో వచ్చిన సివిక్ కూడా ఆ దారే పట్టింది. అక్కడ కేంబర్ బోల్టులో, పై ప్లేట్లో వాడాలి. చట్టం సంగతీ చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆర్ములు ఎప్పుడూ వద్దని నా వాదన కాదు. టో సరిచేసిన తర్వాత కూడా లోపలి అంచు నున్నగా అరుగుతున్నా, కుడి ఎడమల కేంబర్ మధ్య తేడా వల్ల బండి ఒక పక్కకు లాగుతున్నా, అవి వేయవలసిందే. అప్పుడైనా వరస ముఖ్యం. డ్రైవరు బరువుతో, నడిచే ఎత్తులో కేంబర్ పెట్టి, ఆ తర్వాత టో. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే రోజంతా పనిచేసి చిరిగిపోతుంది. కీలును తప్పు భంగిమలో ఉంచి సిమెంటు కట్టు వేసినట్టే. కారుకూ కాలికీ మధ్య పోలిక పిల్లల విషయంలో మాత్రం చెల్లదు. రెండేళ్లలోపు దొడ్డిగా ఉన్న కాళ్లు మూడు నాలుగేళ్లకు మోకాళ్లు రాసుకునేలా మారి, ఏడేళ్లకల్లా చాలామందిలో వాటంతటవే చక్కబడతాయి. అందుకే తల్లిదండ్రులకు ఆగమని చెబుతాం. ఇనుము పెరగదు, సర్దుకోదు. జారే బాల్ జాయింటును సరిగ్గా బిగించకపోతే మొదటి పెద్ద గుంతలోనే పెట్టిన కోణం మారిపోతుంది. ఆర్ములు వేసిన వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ ఒకసారి కొలిపించుకోవాలి. టైరు లోపలి అంచును మళ్లీ చేత్తో తడమాలి.