దయ్యాలూ, డిటెక్టివులూ, మా పాతబస్తీ

నేను అపరాధ పరిశోధక నవలలూ, అద్భుత నవలలూ చదువుతానన్న సంగతి మా కాలేజీలో చాలాకాలం ఎవరికీ తెలియదు. తెలియకుండా నేనే జాగ్రత్తపడ్డాను. తెలుగులో ఎం.ఏ. చేసి ప్రబంధాలు పాఠం చెప్పేవాడు సంచిలో అటువంటి పుస్తకం వేసుకుని తిరగటం మనవారి దృష్టిలో గౌరవప్రదమైన పని కాదు. సభల్లో వాస్తవికత గురించి ఉపన్యసించేవాడికి మరీను. ఒకసారి స్టాఫ్‌రూములో నా బల్ల మీద ఉన్న పుస్తకం తిరగేసి, ఒక పెద్దాయన, నాకంటే ఎంతో ముందునుంచీ ఉద్యమంలో ఉన్నవారు, "ఏమయ్యా, నీకూ పలాయనవాదం పట్టుకుందా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కాని ఆ మాట నన్ను వదలలేదు. ఈ వ్యాసం ఆయనకు సమాధానంగా మొదలుపెట్టాను. మధ్యలో మరొకరి ప్రశ్న వచ్చిపడింది. దానికి జవాబు చెప్పటం ఇంకా కష్టమయింది.

ఆ రోజు బల్ల మీద ఉన్న పుస్తకం చైనా మియెవిల్ రాసిన "ది సిటీ అండ్ ది సిటీ". 2009లో వచ్చింది, మరుసటి ఏడు హ్యూగో బహుమానం మరొక నవలతో కలిసి పంచుకుంది. రచయిత ఆంగ్లేయుడు, మార్క్సిస్టు. అంతర్జాతీయ న్యాయశాస్త్రం మీద మార్క్సిస్టు దృష్టితో సిద్ధాంత గ్రంథం రాసినవాడు. అటువంటివాడు హత్య నవల ఎందుకు రాశాడని మా పెద్దాయన అడగలేదు. పుస్తకం అట్ట చూసి తీర్పు చెప్పేశారు.

ఆ నవలలో రెండు నగరాలున్నాయి: బెసెల్, ఉల్ కోమా. రెండూ ఒకే నేల మీద ఉన్నాయి. నది విడదీయలేదు, గోడ విడదీయలేదు. ఒకే వీధిలో ఈ ఇల్లు ఒక నగరానిది, పక్క ఇల్లు రెండో నగరానిది కావచ్చు. అయితే ఈ నగరపు మనిషి ఆ నగరపు మనిషిని చూడగూడదు. ఎదురుగా వస్తున్నా తప్పుకు నడవాలి, కాని చూడగూడదు. ఈ విద్య పిల్లలకు చిన్నతనంనుంచే పట్టుబడుతుంది. పొరపాటున చూసినవాణ్ణి పట్టుకుపోయే శక్తి ఒకటి ఉంది. ఒక ఆడపిల్ల శవం బెసెల్‌లో దొరుకుతుంది. హత్య జరిగింది ఉల్ కోమాలో. బోర్లూ అనే పోలీసు ఇన్‌స్పెక్టరు ఆ హంతకుణ్ణి వెతకాలి. తమాషా ఏమిటంటే, ఈ రెండు నగరాలనూ విడదీసింది ఏ మంత్రమూ కాదు. జనం అలవాటే వాటిని విడదీసింది. అందరూ చూడటం మొదలుపెడితే ఆ సరిహద్దు సాయంత్రానికి ఉండదు.

ఇది చదువుతూ ఉంటే నాకు ఒళ్ళు జలదరించిందంటే అతిశయోక్తి కాదు. నేను శాలిబండలో ఉంటాను. కాలేజీ మూసీకి అవతల. రోజూ బస్సులో నయాపూల్ దాటుతాను. "పాతబస్తీలోనా! అక్కడెలా ఉంటున్నారండీ?" అని ఇప్పటికీ అడిగేవారున్నారు. వీరంతా చార్మినారు చూసినవారే. చుట్టాలొస్తే చూపిస్తారు, లాడ్‌బజారులో గాజులు కొంటారు, రంజాను నెలలో హలీం తిని పోతారు. 1591నాటి ఆ కట్టడం వారికి బాగా కనిపిస్తుంది. దాని వెనక వీధిలో జరీ కుట్టి కళ్ళు పోగొట్టుకునే ఆడవాళ్ళు కనిపించరు. మియెవిల్ ఎక్కడో తూర్పు ఐరోపా అంచున రెండు లేని ఊళ్ళు కల్పించాడు. అవి ఉన్న ఊరులో నేను ఉంటున్నాను.

అయితే నేను మాత్రం చూస్తున్నానా? మా ఇంటి కింద ఒక ముసలాయన దర్జీ పని చేస్తారు. వీధిలో అందరూ చాచా అంటారు. మధ్యాహ్నం పని లేనప్పుడు పసుపుపచ్చబడ్డ ఉర్దూ పుస్తకమేదో చదువుతూ కనిపిస్తారు. అదేదో మతగ్రంథం కాబోలని నేను అనుకున్నాను. ఆరేళ్ళు అలాగే అనుకున్నాను! మియెవిల్ చదివిన వారంలో సిగ్గుపడి, మెట్లు దిగి అడిగాను. అది ఇబ్నె సఫీ రాసిన ఇమ్రాన్ నవల.

ఇబ్నె సఫీ పేరు మన తెలుగు విమర్శకులు ఎంతమంది విన్నారో నాకు సందేహమే. 1952లో అలహాబాదునుంచి "జాసూసీ దునియా" మొదలుపెట్టి, కరాచీ చేరినాక కూడా రాస్తూనే పోయి, 1980లో మరణించేనాటికి రెండు వరుసల్లోనూ వందకు మించి నవలలు రాశాడు. దేశం రెండయినా ఆ పుస్తకాలు సరిహద్దు దాటి వచ్చాయి. చాచాకు ఇమ్రాన్ అంటే ప్రాణం. "పిచ్చివాడిలా నటిస్తాడు సాబ్, అందుకని పెద్దమనుషులు అతని ఎదుట నిజాలు మాట్లాడేస్తారు" అన్నారు. ఇంతకంటే మంచి పాత్ర పరిచయం నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

అసలు ఈ రుచి మనకు ఇంగ్లీషువాడు నేర్పింది కానే కాదు. గోల్కొండలో ముల్లా వజ్‌హీ 1635లో "సబ్‌రస్" రాశాడు. అమృతజలం కోసం వెతుకులాట అది, మనిషి గుణాలే పాత్రలుగా నడిచే వచనం. అంతకు ముందే, పదహారో శతాబ్దంలో, మన పింగళి సూరన "కళాపూర్ణోదయం" రాశాడు. దీన్ని నేను ఏటేటా పాఠం చెబుతాను. పాఠ్యపుస్తకాలవారు దాన్ని శృంగార ప్రబంధమంటారు. నేను మాత్రం దాన్ని తెలుగులో మొదటి మిస్టరీ అంటాను. రంభ రూపంలో ఉన్న కలభాషిణి, నలకూబరుడి రూపంలో ఉన్న మణికంధరుడు, ఎదుటివారిది అసలు రూపమేనని నమ్మి కలుసుకుంటారు. అంతలో అసలు రంభా నలకూబరులు వస్తారు. ఎవరు ఎవరు? చదివేవాడు తల పట్టుకుంటాడు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ, జరిగిపోయినదానిలా చెప్పబడి, తరవాత జరగవలసి వస్తుంది. చిక్కుముళ్ళు విప్పే పని సూరన ఒక పసిపాపకు అప్పగించాడు! ఇది పలాయనవాదమని ఎవరన్నా అంటే, సిలబస్‌నుంచి తీసేయమని అర్జీ పెట్టమనండి చూద్దాం.

మా పెద్దాయనకు మరొక మాట కూడా చెప్పాను. "త్వమేవాహం" రాసిన ఆరుద్రే "పలకల వెండిగ్లాసు" అనే డిటెక్టివు నవలా రాశాడు. కొడవటిగంటి కుటుంబరావుగారంతటి భౌతికవాది 1952నుంచి 1980లో మరణించేదాకా "చందమామ" పనిలోనే ఉన్నారు. ఆ పత్రికలోనే దాసరి సుబ్రహ్మణ్యంగారి "తోకచుక్క", "రాకాసిలోయ", "పాతాళదుర్గం", "మాయాసరోవరం" వచ్చాయి. పాతికేళ్ళపాటు తెలుగు పిల్లలను నెలనెలా ఎదురుచూసేట్టు చేసిన ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు ఉండేది కాదు. ఇంత చాకిరీ చేసినవాడి పేరు పాఠకులకు ఎన్నో ఏళ్ళ తరవాతగాని తెలియలేదు! వాటిలో మాంత్రికులకు లోటు లేదు. కాని బ్రహ్మదండి మాంత్రికుణ్ణి చూసి ఏ పిల్లవాడూ నిద్ర మానుకోలేదు, నవ్వుకున్నాడు. మాంత్రికుడికీ ఆశ ఉంటుంది, భయం ఉంటుంది, తన్నులు తినటం ఉంటుంది. రెండు కాళ్ళ మనిషి ధైర్యం చేస్తే అతని మంత్రదండానికి దిక్కు లేదు.

ఇంతవరకు నేను చాలా హుషారుగా ఉన్నాను. క్లాసులో కూడా ఇలాగే మాట్లాడాను. ఈ హుషారులోనే ఒక తప్పు చేశాను.

బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి, మెదక్ వైపునుంచి వచ్చి ఉప్పుగూడలో బంధువులింట్లో ఉండి చదువుకుంటున్నది, ఇంగ్లీషు రాదు గనక తెలుగులో అటువంటి నవల ఏదైనా ఇమ్మని అడిగింది. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న పాత క్షుద్రనవల ఒకటి నా దగ్గర ఉంది. ఇచ్చాను. వేగంగా చదివిస్తుంది, అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు. నాలుగు రోజులకు ఆ అమ్మాయి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"సార్, ఇండ్ల మంత్రగాడు నిజంగనే మంత్రం జేస్తడు. మనుషులు రక్తం కక్కుకొని సస్తరు. అంటే మా ఊరోళ్ళు జెప్పేది నిజమే గద?"

"ఏం చెబుతారమ్మా మీ ఊరివాళ్ళు?"

"మా చిన్నమ్మ బాణామతి జేస్తదని పండ్లు పీకిన్రు సార్. నేనప్పుడు ఆరో తరగతి."

నాకు నోట మాట రాలేదు. "అది కథమ్మా" అన్నానేమో. చాలా నీచమైన జవాబది. కథ అయితే నిన్నటిదాకా క్లాసులో అంత గొప్పదని ఎందుకు చెప్పానట?

1980ల తొలి సంవత్సరాలలో యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడు జరిగిన రభస పాతవారికి గుర్తుంటుంది. అందులో చేతబడీ, వైద్యశాస్త్రమూ పక్కపక్కనే నడుస్తాయి. ఏది నిజమో తేల్చుకోవటం పాఠకుడికే వదిలారు. రంగనాయకమ్మ "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని పుస్తకమే రాసింది. నేను విద్యార్థిగా ఆ విమర్శ చదివి, ఒక నవల మీద ఇంత కోపమా అనుకున్నాను. పట్నంలో కూచున్నవాడికి అది "ఒక నవల". చేతబడి అనుమానం మీద మనుషులను కొట్టిన, చెట్టుకు కట్టేసిన, తగలబెట్టిన ఊళ్ళనుంచి వచ్చినవారికి అది పంచాయితీలో సాక్ష్యం. తేల్చకుండా వదిలేయటం పట్నం పాఠకుడికి గిలిగింత. ఆ ఊళ్ళో పండ్లు పీకేవాడి చేతికి అది కొడవలి.

అయితే ఇక్కడే మా పెద్దాయనతో కలవలేకపోతున్నాను. "చూశావా, అందుకే ఇవన్నీ వద్దన్నాను" అంటారాయన. దయ్యాలున్న పుస్తకాలన్నీ ఒకే గాట కట్టటానికి నేను ఒప్పుకోను. శ్రీలంక రచయిత షెహాన్ కరుణతిలక నవల "ది సెవెన్ మూన్స్ ఆఫ్ మాలి అల్మైదా" చూడండి, 2022లో బుకర్ బహుమానం పొందింది. 1990 నాటి కొలంబోలో ఒక యుద్ధ ఫొటోగ్రాఫరు చచ్చిపోయి కళ్ళు తెరుస్తాడు. పరలోకం అచ్చంగా మన తహసీలు కచ్చేరీలాగా ఉంటుంది: వరసలు, ఫారాలు, కసురుకునే గుమాస్తాలు. తనను ఎవరు చంపారో తెలుసుకోవటానికి అతనికి ఏడు రాత్రుల వ్యవధి. అతను దాచిన ఫొటోలలో 1983లో తమిళులపై జరిగిన ఊచకోత ఉంది. ఆ నవల నిండా దయ్యాలే. వీధికొక దయ్యం, చెట్టుకొక దయ్యం. కాని వాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరు చంపితే దయ్యాలైనవి. చంపినది సైన్యమా, తిరుగుబాటుదారులా, మంత్రులా అన్నదే ప్రశ్న. దయ్యం చంపిందని చెప్పి ఆ నవల ఏ మనిషినీ వదిలిపెట్టదు. హంతకుడెవరో నేను చెప్పను. చదవబోయేవారి సంతోషం నేనెందుకు చెడగొట్టాలి?

ఎన్.కె. జెమిసిన్ మూడు నవలలూ అంతే. 2016నుంచి వరసగా మూడేళ్ళు హ్యూగో బహుమానం వాటికే వచ్చింది. భూకంపాన్ని ఆపగల మనుషులు అందులో ఉంటారు. వారు లేకపోతే రాజ్యం నిలవదు. అందుకే వారిని బానిసలుగా ఉంచుతారు. అద్భుతమంటే ఇదీ. మరొక రకం ఉంది, లావుపాటి సంపుటాలు: పోయిన వారసుడు తిరిగివచ్చి సింహాసనమెక్కితే ప్రజలందరూ సుఖపడతారు. వాటిని మాత్రం పెద్దాయనకు ధారాళంగా వదిలేస్తాను.

ఆ అమ్మాయి సంగతి పూర్తిచేయాలి. తరవాతి వారం పాఠం పక్కన పెట్టి, మియెవిల్ నవలా, కరుణతిలక నవలా రెంటి కథా క్లాసుకు తెలుగులో చెప్పాను. గంట చాలక మర్నాడు కూడా చెప్పాను. క్షమాపణ చెప్పటం చేతకాక చేసిన పని అది. డిటెక్టివు అనేవాడు మొదట ఏమడుగుతాడని పిల్లలను అడిగాను. "కత్తి ఎవరిదని" అన్నాడొకడు. "ఆఖరున ఎవరు చూశారని" అన్నాడింకొకడు. ఆ అమ్మాయి మాట్లాడలేదు.

పది రోజులకు ఊరు వెళ్ళివచ్చింది. సాయంత్రం కాలేజీ గేటు దగ్గర నాకోసం ఆగింది.

"సార్, మా చిన్నమ్మ పేరు మీద ముప్పై గుంటలు ఉండె. రోడ్డు పక్కనే. ఆమెను కొట్టినంక ఊళ్ళె ఉండలేక అమ్ముకొని పోయింది. కొన్నది ఎవరని అడిగిన."

"ఎవరమ్మా?"

"మొదలు ఎవని పెయ్య సచ్చిందని లొల్లి అయ్యిందో, ఆయన తమ్ముడు."

ఇద్దరమూ కాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాము. కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. అమ్మ దగ్గర ఉన్నాయేమో చూస్తానన్నది. మండలంలో ఎవరిని కలవాలో నాకు తెలిసిన ఒక వకీలు మిత్రుణ్ణి కనుక్కుంటానన్నాను. ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేను, చాలా ఏళ్ళయింది.

వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "ఇంకో పుస్తకం ఇయ్యిండ్రి సార్" అన్నది. "దయ్యాలున్నా మంచిదే. సంపింది మాత్రం మనిషి కావాలె."

తెలుగులో అటువంటిది వెంటనే తోచలేదు. ఇల్లు చేరి అలమర అంతా వెతికి, మర్నాడు "రాకాసిలోయ" తీసుకువెళ్ళాను.