రసీదు పుస్తకంలో మొదటి పేరు

2012 వేసవి. గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి ఇంటి వరండాలో కూర్చున్నాను. కౌలు రైతుల హక్కుల కోసం పనిచేసే మా సంస్థకు విరాళం అడగడానికి వెళ్లాను. కౌలుదారులకు రుణ అర్హత కార్డులివ్వాలని అంతకు ముందు ఏడాదే చట్టం వచ్చింది. కార్డు చేతికొచ్చినా బ్యాంకులో అప్పు పుట్టడం లేదని, దాని మీద మేం ఏమేం చేస్తున్నామో అరగంటసేపు చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

“బాగుందమ్మా. మరి ఆ కౌలు రైతులు మీకెంత ఇచ్చారు?”

“వాళ్లే అప్పుల్లో ఉన్నారు మాస్టారూ. వాళ్లనెట్లా అడుగుతాం?”

“వాళ్ల పనేగా ఇది. వాళ్లని అడగడానికి నీకు మొహమాటం, నన్నడగడానికి లేదా?”

ఆయన గొంతులో కోపం లేదు. మజ్జిగ ఇప్పించి, వీధి గేటు దాకా వచ్చి సాగనంపారు. చందా మాత్రం ఇవ్వలేదు. బస్టాండు దాకా నడుస్తూ అదే మాట తలుచుకున్నాను. పేదవాళ్లని అడగకపోవడం దయ అనుకున్నాను అన్నాళ్లూ. వాళ్లు చేతులు చాచి కూర్చునేవాళ్లు, మేం తెచ్చి పెట్టేవాళ్లం అన్న లెక్క అందులో ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆ వారమే పర్చూరు వైపు ఒక ఊళ్లో మీటింగు. మిరప, శనగ కౌలుకు చేసేవాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. చివర్లో రసీదు పుస్తకం తీసి, ఇష్టమున్నవాళ్లు ఇవ్వండి అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అరవై దాటిన ఒకామె లేచి, కొంగుముడి విప్పి, ఇరవై రూపాయల నోటు నా చేతిలో పెట్టింది. “నా పేరు సరిగ్గా రాయమ్మాయ్. ఊరి పేరు గూడా రాయి” అంది. రాసి చింపి ఇచ్చాను. పక్కనున్న కుర్రాడితో రెండుసార్లు చదివించుకుని, మడిచి రవికెలో దాచుకుంది. ముప్పై ఏళ్లుగా ఆమె దున్నిస్తున్న చేను ఏ రికార్డులోనూ ఆమె పేరున లేదు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. బ్యాంకు అప్పుకి, పంట బీమాకి, నష్టపరిహారానికి అన్నిటికీ కాగితమే అడుగుతారు. సేద్యానికి సంబంధించి ఆమె పేరు రాసి ఉన్న మొదటి కాగితం నేను చింపి ఇచ్చిన ఆ రసీదే.

ఆ రోజు నుంచి మాకొక నియమం. కొత్త పుస్తకం తెరిచినప్పుడు మొదటి రసీదు కౌలు రైతు పేరు మీదే రాయాలి. ఆ తర్వాతే పట్నం. మరుసటి ఏడాది ఆ పుస్తకం పట్టుకుని బ్రాడీపేట వెళ్లాను. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో కౌంటర్‌ఫాయిలూ తిప్పి చూశారు. పది, ఇరవై, యాభై. లోపలికి వెళ్లి వెయ్యిన్నూట పదహార్లు తెచ్చిచ్చారు. మళ్లీ ఎప్పుడొస్తావని కూడా అడిగారు.

బడి కట్టడానికో, కంటి ఆపరేషన్లకో డబ్బు అడగడం వేరు. అక్కడ చూపించడానికి గోడ ఉంటుంది, చూపు తిరిగొచ్చిన మనిషి ఉంటుంది. హక్కుల పనిలో చూపించడానికి ఏముంటుంది? ఒక దరఖాస్తు, ఒక ధర్నా, ఏడాదికోసారి కదిలే ఒక ఫైలు. ఈ పనికి డబ్బు ఎట్లా అడగాలని కొత్తగా వచ్చే పిల్లలు అడిగితే నేను చెప్పేదొకటే. డబ్బు అడగడం, మనుషుల్ని కూడగట్టడం రెండు పనులు కావు. వెయ్యి మంది వంద రూపాయల చొప్పున ఇస్తే లక్ష. ఒక్కరే లక్ష ఇచ్చినా లక్షే. బ్యాంకు పుస్తకంలో రెండూ ఒకటే అంకె. కలెక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం ఒకటి కాదు.

మన నేల మీద ఇది కొత్త సంగతి కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో ఏఐసీసీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి మంది సభ్యులు, ఇళ్లలో ఇరవై లక్షల రాట్నాలు, ఇవన్నీ జూన్ 30 లోపు కావాలని అక్కడ నిర్ణయించారు. సభ్యత్వం నాలుగణాలు. గడువు నాటికి కోటి రూపాయలూ సమకూడాయి. ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. నేను శ్రద్ధగా చూసేది ఆ మూడు అంకెలూ పక్కపక్కనే ఉండటం. నిధికి ఒక లెక్క, మనుషులకు వేరే లెక్క అని వాళ్లు విడదీయలేదు.

మేం విడదీసిన కాలమూ ఉంది. అప్పట్లో మా బడ్జెట్‌లో సగం పైగా విదేశీ నిధి. నేరుగా కాదు, ఒక పెద్ద సంస్థ అందుకుని మాలాంటి చిన్నవాళ్లకు పంచేది. ఇంగ్లీషులో రిపోర్టులు రాయడంలో నెలలు గడిచిపోయేవి. ఇంటింటికీ తిరగడం తగ్గించాం. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించారు. అందుకున్న సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. విదేశీ డబ్బు ఏదైనా ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే ముందు పడాలన్నారు. మాకొచ్చే వాటా ఆగిపోయింది. ఇద్దరు కార్యకర్తలను పంపించేయాల్సి వచ్చింది. వాళ్లలో ఒకతను పదకొండేళ్లు మాతో నడిచినవాడు. ఆ మాట అతనికి చెప్పిన సాయంత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇంటింటికీ తిరగడం మేం తగ్గించకుండా ఉంటే అతని జీతం ఆగేది కాదు.

కంపెనీల దగ్గరికీ వెళ్లాం. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఒక కంపెనీవాళ్లకు ఊళ్లలో మేం నడిపే కుట్టు శిక్షణ నచ్చింది. ప్రతిపాదనలో ‘కౌలు చట్టం సవరణ కోసం ప్రచారం’ అన్న పేరా తీసేస్తే సంతకం చేస్తామన్నారు. తీసేశాం. ఏడాది తిరిగేసరికి మా మనుషులంతా కుట్టుమిషన్ల లెక్కల్లోనే ఉన్నారు. ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కినవాళ్లు లేరు. ఆ డబ్బు తప్పుది కాదు, కుట్టు నేర్చుకున్న పిల్లలకు మేలే జరిగింది. కానీ మా పనికి అది పనికిరాని డబ్బు. రెండో ఏడాది వద్దన్నాం.

అట్లాంటి డబ్బు లేకుండానే నిలబడ్డవాళ్లున్నారు. రాజస్థాన్‌లోని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లో దేవ్‌డుంగ్రీ అనే చిన్న ఊళ్లో పుట్టింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ దాన్ని మొదలుపెట్టారు. సంస్థాగత నిధులు వద్దని, వ్యక్తులిచ్చే విరాళాల మీదే నిలబడ్డారు. కార్యకర్తలు కూలీల కనీస వేతనమే తీసుకుంటారు. సమాచార హక్కు కోసం 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. చుట్టుపక్కల ఊళ్లు ధాన్యం ఇచ్చాయి. బ్యావర్‌వాళ్లు కూరగాయలు, నీళ్లు, డబ్బు తెచ్చిచ్చారు. ‘మా డబ్బు, మా లెక్క’ అన్నది వాళ్ల నినాదం. సర్కారును లెక్క అడిగేవాళ్లు ముందు తమ లెక్క చెప్పాలని నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. అప్పటినుంచి సంక్రాంతి వెళ్లాక ఏ ఊళ్లో చందా వసూలు చేశామో ఆ ఊళ్లోనే జమాఖర్చు చదువుతున్నాం. నా జీతం ఎంతో కూడా చదువుతాను. మొదటిసారి గొంతు వణికింది. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి ఏడాది ఆ ఊళ్లో చందా పెరిగింది.

అడిగే పద్ధతి గురించి రెండు మాటలు. “మీకు తోచింది ఇవ్వండి” అనకూడదు. ఇచ్చేవాళ్లకు అది ఇబ్బంది. ఎంత కావాలో, దేనికి కావాలో చెప్పాలి. జిల్లా స్థాయి ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, కాపీలకు పేజీకి రెండు రూపాయలు. కౌలు రైతు ఆత్మహత్య చేసుకుంటే, పరిహారం రావడానికి 2004 నాటి 421 జీవో ప్రకారం మండల స్థాయిలో ఎమ్మార్వో, ఎస్సై, వ్యవసాయాధికారి చూడాలి. ఆ పైన డివిజన్ స్థాయిలో ఆర్డీఓ, డీఎస్పీ, ఏడీఏ చూడాలి. ఆ ఇంటి దగ్గర కౌలు కాగితం ఉండదు. ప్రామిసరీ నోట్లు అప్పిచ్చినవాడి దగ్గరుంటాయి. ఒక ఫైలు వెంట పడాలంటే మనిషి నెలల తరబడి తిరగాలి. “నెలకు మూడొందలిస్తే ఆ తిరిగే మనిషి బస్సు ఛార్జీలో మీ చెయ్యి ఉంటుంది” అంటాను. అర్థమవుతుంది, ఇస్తారు.

వేళ చూసి అడగాలి. మిరప గుంటూరు యార్డుకు వెళ్లి డబ్బు చేతికొచ్చాక రైతును, జీతం పడిన వారంలో ఉద్యోగిని అడగాలి. మృగశిర కార్తెలో రైతు ఇంటికి చందాకు వెళ్లడం పాపం.

ఏడుస్తున్న ముఖాల ఫొటోలు పెడితే డబ్బు త్వరగా వస్తుంది. ఒకరి సలహా విని మేమూ ఒకసారి ఒక తల్లి ఫొటో పెట్టాం. పదిరోజుల్లో చాలానే వచ్చింది. ఆ ఇంటి పెద్దపిల్ల ఫోన్ చేసి, “అక్కా, మా అమ్మ ఏడుపు మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది” అంది. అదే రోజు తీసేశాం, వెళ్లి ఆ తల్లికి క్షమాపణ చెప్పుకున్నాం. అప్పుడిచ్చినవాళ్లలో రెండోసారి ఇచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మా ఇంటికొచ్చి, నాతో మాట్లాడి ఇచ్చినవాళ్లు మాత్రం ఏళ్లుగా ఇస్తూనే ఉన్నారు.

నెలనెలా వచ్చే చిన్న మొత్తమే మాకు ప్రాణం. 2021 అక్టోబరులో కార్డుల ఆటో డెబిట్‌కు రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు అమలయ్యాక చాలామంది చందాలు ఆగిపోయాయి. ఆగిన సంగతి వాళ్లకే తెలియదు. ముగ్గురం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. ఎక్కువమంది యూపీఐ ఆటోపేలోకి మారారు. ఆ ఫోన్లలోనే సగంమందికి కొత్త కౌలు చట్టం గురించి చెప్పగలిగాం. 2019 చట్టంలో పంట సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకే, అదీ భూయజమాని సంతకం పెడితేనే. “సంతకం పెట్టేది మా నాన్నేనమ్మా, నేను మాట్లాడతా” అన్నాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒకబ్బాయి. అతనిచ్చే రెండొందల కంటే ఆ సంతకం పెద్ద విరాళం.

పన్ను మినహాయింపు కోసం ఇచ్చేవాళ్లు ఉన్నారు. అది కావాలంటే నగదు రెండు వేలు దాటకూడదు, పాన్ లాంటి గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపే లేదు. చిన్నచందాల వాళ్లు దాన్ని ఎప్పుడూ అడగలేదు.

అమెరికా నుంచి రాత్రిపూట ఫోన్లొస్తాయి. ముందు పాస్‌పోర్ట్ గురించి అడుగుతాను. భారత పౌరులైతే, అక్కడ సంపాదించినదైనా సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. గ్రీన్‌కార్డు ఉన్నా ఫర్వాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే విదేశీ విరాళమే, మేం తీసుకోలేం. “మా ఊరికి నేను పరాయివాణ్ణా?” అని ఒకాయన బాధపడ్డాడు. ఒంగోలులో ఉన్న ఆయన చెల్లెలు ఇప్పుడు తన జీతంలోంచి ఇస్తోంది. ఆయన తన పొలం కౌలుకు చేస్తున్న ఇద్దరికీ హక్కు పత్రాల మీద సంతకం పెట్టాడు.

మాకు బాగా అచ్చొచ్చినవి వర్ధంతులు. తల్లిదండ్రుల పేరున అన్నదానం చేయించే ఆనవాయితీ మనకుంది. ఒక బ్యాంకు ఉద్యోగి తండ్రి జీవితమంతా కౌలుకు చేసినవాడని తెలిసి, ఆయన వర్ధంతి రోజున ఒక న్యాయ సహాయ శిబిరం పెట్టించమని అడిగాను. ఒప్పుకున్నాడు. తనే వచ్చి పొద్దున్నుంచి దరఖాస్తులు నింపాడు. సాయంత్రం తండ్రి ఫొటో ముందు నిలబడి మాట్లాడలేకపోయాడు. ఇప్పుడు ఏటా పన్నెండు, పదమూడు కుటుంబాలు అట్లా శిబిరాలు పెట్టిస్తున్నాయి.

బ్రాడీపేట మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన పేరున కూతురు ఇస్తోంది. ఇరవై రూపాయలిచ్చిన ఆ తల్లికి ఇంకా హక్కు పత్రం రాలేదు. భూయజమాని సంతకం పెట్టలేదు. ఏటా మొదటి రసీదు ఆమె పేరునే రాస్తున్నాం. మీకు పొలం ఉండి కౌలుకు ఇచ్చి ఉంటే, మాకు చందా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఆ సంతకం పెట్టండి.