పేట పాఠాలు – 11: ఊడ్పుల పాట ఏ డిపార్ట్‌మెంట్‌ది?



డిగ్రీ అడ్మిషన్లు మొదలైతే చాలు, నా ఇన్‌బాక్స్‌లో ఒకటే మాట. "సార్, ఏ మేజర్ తీసుకుంటే ఉద్యోగం వస్తుంది?" తప్పు ప్రశ్న అనను. మన ఇళ్లలో డిగ్రీ అంటే ముందు బియ్యం. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ వారం దాని గురించి.

మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీ తీరు మారింది. అంతకుముందు మూడు సబ్జెక్టుల్ని కట్టగట్టి ఇచ్చేవారు. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ అంటే ఆ మూడే, విడదీయడానికి లేదు. ఆ ఏడాది ఒకటి మేజర్, దానికి తోడు ఒక మైనర్ అని పెట్టారు. ఎంచుకునేది విద్యార్థే అన్నారు. బాగుంది. కానీ మా వైపు నేను చూసినంతలో ఏ లెక్చరర్ ఉంటే అదే మైనర్. టిఫిన్ హోటల్ బోర్డు మీద పద్దెనిమిది రకాలుంటాయి, లోపలికెళ్లి అడిగితే ఇడ్లీ ఒక్కటే ఉందంటారు చూడండి, అలా.

ముమ్మిడివరం దగ్గరి ఒక పేట నుంచి వచ్చిన అమ్మాయి తెలుగు మేజర్, ఎకనామిక్స్ మైనర్ కావాలంది. ఎందుకమ్మా అంటే, "వరి చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి కద సార్. మా అమ్మకి ఊడ్పులు లేవు. ఊడ్పుల్లేవు కాబట్టి పాటా లేదు. రెండూ కలిపి చదవాలని" అంది. చెప్పండి, ఇది ఏ డిపార్ట్‌మెంట్ ప్రశ్న? పోయిన కూలి లెక్క ఎకనామిక్స్‌ది. ఆ భూమి ఎవరి చేతికి ఎలా వచ్చిందో చెప్పాల్సింది చరిత్ర. చెరువులోని ఉప్పు పక్క చేనుకి ఎలా ఊరుతుందో సైన్సు చెప్పాలి. పాట మా తెలుగువాళ్ల వంతు. ఆఫీసులో మాత్రం "స్ట్రెంగ్త్ లేదు, కంప్యూటర్స్ పెట్టుకోమ్మా" అని రాసేశారు.

బాబాసాహెబ్ చదువు చూడండి. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. ప్రధానంగా ఎకనామిక్స్. దాంతోపాటు చరిత్ర, సోషియాలజీ, ఫిలాసఫీ, ఆంత్రోపాలజీ. ఇటు సెలిగ్మన్, అటు జాన్ డ్యూయీ. కులం పుట్టుక మీద తన వ్యాసాన్ని 1916 మే నెలలో గోల్డెన్‌వైజర్ ఆంత్రోపాలజీ సెమినార్‌లో చదివారు. ఎకనామిక్స్ విద్యార్థికి అక్కడేం పని? కులం అనే ప్రశ్నే ఆయన్ని అక్కడికి తీసుకెళ్లింది. తర్వాత లండన్‌లో రూపాయి సమస్య మీద డాక్టరేట్, మరోపక్క బారిస్టర్ చదువు.

అంత దూరం ఎందుకు, మన కాట్రేనికోన మండలం కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు లాయరూ, కవీ. "నది పుట్టిన గొంతుక" రాసిన చెయ్యే "పోలీసులు అరెస్టు చేస్తే" కూడా రాసింది.

నా పీహెచ్‌డీ రోజుల్లో ఒక పెద్దాయన సినాప్సిస్ తిరగేసి, "ఇది సాహిత్యమా, సోషియాలజీయా?" అన్నారు. గరిమెళ్ల పాటకి జవాబుగా కుసుమ ధర్మన్న గారు "మాకొద్దీ నల్లదొరతనము" రాశారు. పాలేరుతనం తెలియకుండా, ఆనాటి కాంగ్రెస్ రాజకీయం తెలియకుండా దాన్ని ఎలా చదవాలి? ఛందస్సు లెక్కపెట్టి ఊరుకోవాలా? సబ్జెక్టుల మధ్య గోడలు మన రచనల్ని గడప బయట నిలబెట్టడానికి బాగా పనికొచ్చాయి.

ఇక పని మాటలు. సబ్జెక్టు ఎంచుకునే ముందు మీ ప్రశ్నని ఒక పేజీ రాసుకోండి. ఉత్సాహంలో తిండి మరవద్దు: బి.ఎడ్. మెథడాలజీకి, పీజీకి డిగ్రీలో ఏ సబ్జెక్టు ఉండాలంటున్నారో నోటిఫికేషన్‌లో ముందే చూడండి. మొదటి తరం పిల్లలకి మూడేళ్లు వృథా పోతే ఇల్లంతా కుదేలవుతుంది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా స్వయం పోర్టల్‌లో చదివి క్రెడిట్లు తెచ్చుకునే వీలు 2021 యూజీసీ రెగ్యులేషన్‌లో ఉంది. మన యూనివర్సిటీ దేన్ని ఒప్పుకుంటుందో చేరకముందే అడగండి. చాలా పాఠాలు ఇంగ్లిషులో ఉంటాయి, ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని వినండి.

మైనర్ కావాలంటే ప్రిన్సిపాల్ గారికి పదిమంది సంతకాలతో దరఖాస్తు పెట్టండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే లేదంటారు. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీతో కాలేజీ ముద్ర వేయించుకోండి. ఆ కాపీ ఫొటో నాకూ పంపండి.