పళ్ళెములోని అలలు

హఫీజ్‌పేట్‌లో నివసించుచు, చేరువనే యున్న ఒక చిన్న రోగనిర్ధారణ ప్రయోగశాలలో నేను పని నేర్చుకొనుచున్న దినములవి. చేరి మూడు మాసములైనను కాలేదు. పని యంతయు వచ్చినదను గర్వము మాత్రము కలిగెను.

ఒకనాడు ఒక వృద్ధుని మూత్రపు నమూనా వచ్చెను. మూత్రము వెడలుటకై ఆయనకు గొట్టము అమర్చియుండిరి. సముద్రపు నాచునుండి తీసిన అగరులో రక్తము కలిపి, పళ్ళెములో పోసి, గట్టిపడిన పిదప దానిపై నమూనాను పూసి వెచ్చని పెట్టెలో నుంచితిని. మరునాటి యుదయము చూడగా పళ్ళెమంతయు పలుచని పొర క్రమ్మియుండెను. చెరువులో రాయి విసరినప్పుడు లేచు అలలవలె ఒకదాని వెలుపల నొకటిగా వలయములు! "ఇది ప్రోటియస్" అని గుర్తించి, ఆ యొక్క పేరే వ్రాసి, కాగితమును సంతకమునకై మా డాక్టరమ్మగారి బల్లపై నుంచితిని.

ఆమె పళ్ళెమును వెలుతురున కెత్తి చూచి, "ఈ పొర క్రింద ఏమున్నదో చూచితివా, బాబూ?" అని అడిగెను. నేను మాటాడలేదు. "మబ్బు క్రమ్మిన రాత్రి నక్షత్రములు లేవని వ్రాయుదుమా?" అని, నన్ను కూర్చుండబెట్టి ఆ జీవి కథ చెప్పెను.

1885లో గుస్తావ్ హౌజర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, రూపములు మార్చు గ్రీకు సముద్రదేవత పేరు దీనికి పెట్టెను. ద్రవములో నున్నప్పుడు ఇది పొట్టి కడ్డీ. కొలది కశాభములతో ఈదును. గట్టి తలము తగిలినచో కశాభములు తిరుగుట కష్టమగును. ఆ యడ్డంకియే వార్తయై లోనికి చేరును. అంతట ఎఫ్‌ఎల్‌హెచ్‌డి, ఎఫ్‌ఎల్‌హెచ్‌సి అను రెండు జన్యువుల పని హెచ్చును. వానినుండి పుట్టిన మాంసకృత్తులు కలిసి, కశాభములను నిర్మించు జన్యువులను మేల్కొలుపును. కణము పెరుగును గాని చీలదు. ఇరువది రెట్లు, అంతకు మించియు పొడవగును. దానికి వేలకొలది కశాభములు మొలచును. అయినను ఒంటరిగా సాగజాలదు. రథమును లాగు జనమువలె, అనేక కణములు ప్రక్కప్రక్కన చేరినప్పుడే ముందుకు పోవును. కొంతదూరము పోయి ఆగి, మరల పొట్టి కణములుగా విడిపోవును. వృద్ధి పొంది మరల బయలుదేరును. ఆగిన ప్రతిచోట ఒక వలయ మేర్పడును.

"ఇందు జన్యువులు మారలేదు. ఏది ఎప్పుడు పనిచేయవలెనను ఏర్పాటు మాత్రమే మారినది. మన దేహములో కంటి కణమును ఎముక కణమును వేరగుటయు ఇట్టి ఏర్పాటుచేతనే" అని ఆమె వివరించెను.

పిమ్మట శీతలపేటికలోని నమూనాను పైత్యలవణములు గల మెకాంకీ అగరుపై పూయించెను. దానిపై ప్రోటియస్ పాకజాలదు. మరునాడు వర్ణములేని చుక్కల నడుమ గులాబిరంగు చుక్కలు కనబడెను. పొర క్రింద దాగినది వేరొక సూక్ష్మజీవి!

మందు విషయము తలచుకొనగా నాకు భయము కలిగెను. మన తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొనగా, 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబమున తొలి మందు. ప్రోటియస్ మిరాబిలిస్ ఆ కుటుంబమునకు సహజముగనే లొంగదు. లొంగు జీవులు వేరుగా కలవు. ఒకదానిని చంపు మందు రెండవదానిని విడిచిపెట్టవచ్చును. నా కాగితమును నమ్మినచో ఆ వృద్ధునికి సగము వైద్యమే జరిగియుండెడిది.

"ఆలస్యమునకు కారణము నీవే చెప్పుము" అని డాక్టరమ్మగారు ఫోను నా ముందుంచెను. చేతులు వణకుచుండగా ఆయన కుమారునితో, "తప్పు నాదండీ, మరల పరీక్షించితిమి" అంటిని. అవతల క్షణకాలము నిశ్శబ్దము. పిదప ఆయన, "చెప్పినందులకు సంతోషము, నాయనా. రెండు పేర్లును సరిగా వ్రాయుము" అనెను.

ఆ సాయంకాలము హఫీజ్‌పేట్ స్టేషనులో రైలుకై నిలిచియుండగా నా కన్నులముందు ఆ వలయములే మెదలెను. నాటినుండి ఎంత అందమైన పొర కనబడినను, రెండవ పళ్ళెము పూయకుండ నేను పేరు వ్రాయలేదు.