జేబులో ఉత్తరం

2016 జనవరిలో ఇక్కడి సఖీర్ ఎయిర్‌బేస్‌లో ఎయిర్ షోకి మావాడిని తీసుకెళ్లాను. మన తేజస్ యుద్ధవిమానం విదేశంలో తొలిసారి విన్యాసాలు చేసింది ఆ షోలోనే. వాడు చెవులు మూసుకునే, "నాన్నా, దీన్నెవరు చేశారు?" అని అరిచాడు.

"వేలమంది కలిసి చేశార్రా. ఎన్నో ఏళ్లు వాళ్లను నడిపించింది మన తెలుగాయనే, కోట హరినారాయణ గారు" అన్నాను.

ఒడిశాలోని బరంపురం ప్రాంతం ఆయనది. హెచ్.ఎ.ఎల్.లో పనిచేసి, తర్వాత ఈ విమాన నిర్మాణ కార్యక్రమానికి డైరెక్టరయ్యారు. కంప్యూటర్ క్షణక్షణం సరిదిద్దుతుంటే తప్ప ఈ విమానం గాలిలో నిలకడగా ఉండదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి అమెరికా నుంచి అందుతున్న సాయం 1998 అణుపరీక్షల తర్వాత ఆంక్షలతో ఆగిపోయింది. అయినా మనవాళ్లు పని ఆపలేదు. మిగిలింది తామే పూర్తిచేశారు. 2001 జనవరి 4న బెంగళూరులో విమానం తొలిసారి గాలిలోకి లేచింది. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా కూడా పనిచేశారు.

ఇదంతా వాడికి చెబుతుంటే నాకే సిగ్గేసింది. నేనూ సాఫ్ట్‌వేర్ వాడినే. నా ప్రాజెక్టు రెండుసార్లు పరీక్షల్లో తప్పిందని, రాజీనామా ఉత్తరం రాసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను ఆ రోజుల్లో. ఆంక్షలు కాదుకదా, నాకు సాయం ఆపినవాళ్లే లేరు!

ఆ రాత్రి ఉత్తరం చింపేశాను. మూడోసారి ప్రాజెక్టు గట్టెక్కింది.

మావాడికి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. తెలుగు చదవడం నేర్చుకున్నాడు కదా, ఈ పేజీ వాడే చదువుకుంటాడు.