ఏసీ లేని గదిలో ప్రాసెసర్ పరీక్ష

గుడివాడ ఏలూరు రోడ్డు పక్కన, ఒక మేడ మీద ఉంది ఆ కంప్యూటర్ షాపు. ముందు గదిలో ఏసీ ఉంది, వెనక గదిలో లేదు. కొత్తగా బిగించిన గేమింగ్ కంప్యూటర్లకి వేడి పరీక్ష ఎప్పుడూ వెనక గదిలోనే చేస్తారు. నేను వెళ్లింది మే నెల మధ్యాహ్నం. గోడకి తగిలించిన థర్మామీటర్‌లో 37 డిగ్రీలు. టేబుల్ ఫ్యాను కూడా కంప్యూటర్ వైపు కాకుండా మా వైపే తిప్పి పెట్టారు.

"కొనుక్కెళ్లేవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఏసీ ఉంటుందండీ? చల్లటి గదిలో చూపించి పంపిస్తే కొనేవాళ్లకి బాగానే ఉంటుంది. వారం తిరక్కుండా ఫోను వస్తుంది, అన్నా 90 చూపిస్తోంది, కాలిపోతుందా అని" అన్నాడు షాపు యజమాని.

ఆ ఫోన్ల గురించి తెలుసుకుందామనే నేను వెళ్లాను. బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో గేమింగ్ కంప్యూటర్ కొనడం ఒక్కోసారి ఇంటిల్లిపాదీ కూర్చుని తీసుకునే నిర్ణయం. పంట డబ్బు చేతికొచ్చాకో, రొయ్యల పట్టుబడి అయ్యాకో కొంటారు. అలా వచ్చిన యంత్రం తెర మీద 85 అని ఎర్రగా కనిపిస్తే పిల్లవాడికి నిద్ర పట్టదు. ఆ భయం మీద ఇంకో నాలుగైదు వేల కూలర్ అంటగట్టేవాళ్లూ ఉంటారు. 80 దాటితే ప్రమాదం అనే మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల అనవసరంగా ఖర్చయిన డబ్బు తక్కువేం కాదని నా అభిప్రాయం.

ఆ రోజు బల్ల మీద ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5 12400ఎఫ్. 2022లో వచ్చిన చిప్పు. డబ్బాలో దానితోపాటే వచ్చే కూలర్‌కి నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిని వరసగా కాకుండా ఎదురెదురు మూలలవి జతగా నొక్కాలి. షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు నొక్కాడు. నాలుగు సార్లూ టిక్ మన్న చప్పుడు నాకూ వినపడింది. యజమాని మాత్రం బోర్డు తిరగేసి, టార్చి వేసి, వెనక్కి పొడుచుకొచ్చిన పిన్నుల కాళ్లు విచ్చుకున్నాయో లేదో ఒక్కొక్కటే చూశాడు. మూడు విచ్చుకున్నాయి, నాలుగోది సగమే దిగింది. అలాగే ఆన్ చేసి ఉంటే కూలర్ ఒక పక్కకి ఒరిగి, లోడు పడ్డ కొన్ని సెకన్లలోనే అంకె 100కి ఎక్కేది.

కూలర్ ఊడదీశారు. ఒకసారి అతుక్కుని ఊడిన పేస్టు మళ్లీ పనికిరాదు. స్పిరిట్‌తో రెండు వైపులా తుడిచి, చిప్పు నడిమధ్య కొత్త పేస్టు ఒక్క బొట్టు వేశారు. చూడటానికి అద్దంలా ఉన్నా ఆ రెండు లోహపు ముఖాల మీదా కంటికి కనపడని గీతలు, గుంటలు ఉంటాయి. వాటిలో గాలి చిక్కుకుంటుంది. గాలి వేడిని సరిగ్గా అందుకోదు, అందనివ్వదు. పేస్టు పని ఆ గాలిని తోసేసి ఆ చోటు నింపడం వరకే. మందంగా పూస్తే మేలన్నది అపోహ. కూలర్ అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ కాగితం తీయకుండానే బిగించి, కొత్త కంప్యూటర్ మంచిది కాదని తెచ్చినవాళ్లూ ఉన్నారని యజమాని చెప్పాడు.

తర్వాత పరీక్ష. అన్ని కోర్లనూ పూర్తిగా పనిలో పెట్టే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు ఆగకుండా నడిపారు. పక్కన వేడి, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంది. అందులో ప్రతి లెక్కకీ ప్రస్తుతం, కనిష్ఠం, గరిష్ఠం, సగటు అని నాలుగు నిలువు వరసలు. నా కళ్లు గరిష్ఠం మీదే ఉన్నాయి. 71, 78, 82, చివరికి 84 దగ్గర నిలబడింది. ఆయన చూపు ఇంకాస్త కిందికి, థర్మల్ థ్రాట్లింగ్, అంటే వేడికి చిప్పు వేగం తగ్గించుకుంటోందా అన్న చోటికి వెళ్లింది. అక్కడ ‘నో’ అని ఉంది. ఆ పైన వేగం 4 గిగాహెర్ట్‌జ్ దగ్గర కదలకుండా ఉంది.

"పాసండీ" అన్నాడు.

84 ఎలా పాసు? కూలర్ చిప్పుని గది గాలి కన్నా చల్లగా చేయలేదు. గది మీద ఇన్ని డిగ్రీలు అని ఒక తేడా దగ్గర నిలబెట్టగలదు, అంతే. ఇక్కడ తేడా 47. అదే యంత్రం 22 డిగ్రీల ఏసీ గదిలో దాదాపు 69 చూపిస్తుంది. ఎక్కడో చలిదేశంలో కూర్చుని పరీక్షించినవాళ్ల వీడియోలో అంకె చూసి, రోహిణి కార్తెలో తన ఇంట్లో అంకెతో పోల్చుకుంటే ఏ పిల్లవాడైనా బెంగపడతాడు. గది వేడి తీసేసి పోల్చాలి.

రెండోది, ఆ చిప్పుకి తయారీదారు పెట్టిన హద్దు ఎంత? ఈ ఐ5కి 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 5 5600కి 90, రైజెన్ 5 7600కి 95, గేమింగ్‌కి పేరుపడ్డ రైజెన్ 7 7800ఎక్స్3డీకి 89. అంటే 88 అనే అంకె ఒకదానికి హద్దు అంచు, ఇంకొకదానికి ఇంకా ఏడు డిగ్రీల దూరం. 2022లో రైజెన్ 7000 చిప్పులు వచ్చినప్పుడు, పూర్తి లోడులో 95కి వెళ్లడం లోపం కాదు, అలాగే రూపొందించామని ఏఎండీయే చెప్పుకోవాల్సి వచ్చింది.

హద్దు తగిలితే చిప్పు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. ఈ కాపుదల మొదటినుంచీ అన్ని చిప్పులకీ లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్లలో కూలర్ పీకేసి చూపించారు. పెంటియం 4 నెమ్మదించి బతికింది, ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి మాడిపోయింది. ఇప్పుడా భయం లేదు. అలాగని ఉష్ణోగ్రత బాగుంటే అంతా బాగున్నట్టూ కాదు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పుల్లో కొన్నిటికి జబ్బు పట్టింది ఎక్కువ వోల్టేజీ వల్ల. 2024 ఆగస్టులో ఇంటెల్ దిద్దుబాటు మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అలాంటి చిప్పు కొన్నవాళ్లు వేడి చూసే ముందు ఆ దిద్దుబాటు ఉన్న బయోస్‌కి అప్‌డేట్ అయిందో లేదో చూసుకోవాలి.

గుడివాడ నుంచి కవుతరం, పెడన మీదుగా బందరు. అక్కడ నేను కలిసింది రిపేర్లు మాత్రమే చేసే ఒక పెద్దమనిషిని. ఆయన బల్ల కింద అట్టపెట్టెలో పాత కూలర్లు పోగుపడి ఉన్నాయి. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. సముద్రానికి దగ్గరగా, మంగినపూడి వైపు ఊళ్లోంచి వచ్చిందట. అల్యూమినియం రెక్కల మీద తెల్లటి పొడి లేచి ఉంది, స్టీలు స్క్రూలు తుప్పు పట్టి తల అరిగిపోయాయి. రెక్కల సందుల్లో ఉన్నది వట్టి దుమ్ము కాదు, గోటితో గీకితే పెళ్లలుగా ఊడుతోంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, తడిసిన దుమ్ము అంటుకుపోతుంది, గాలికి దారి మూసుకుపోతుంది.

"కొత్తదాని వేడి మొదటి రోజు చూసి మురిసిపోతారండీ. ఏడాది తర్వాత చూడాలి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది" అన్నాడాయన.

ఆయన దగ్గర దూరం నుంచి వేడి కొలిచే గన్ థర్మామీటర్ ఉంది. నడుస్తున్న కంప్యూటర్ కూలర్ మీద గురిపెడితే 49 వచ్చింది, తెర మీద అదే నిమిషంలో 76. రెండూ కొలిచేది ఒకటి కాదు. చిప్పు లోపలి సెన్సర్ చెప్పేది వేడి పుట్టేచోటి సంగతి, గన్ చెప్పేది పైకొచ్చేసరికి మిగిలినది. చెయ్యి పెట్టి గోరువెచ్చగానే ఉందనుకుంటే సరిపోదని చూపడానికే దాన్ని ఉంచుకున్నానన్నాడు. కొలత మీద ఇంత పట్టుదల బందరులో చూడటం నాకు వింతగా అనిపించలేదు. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది ఈ ఊళ్లోనే. దాన్ని తర్వాత భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. చీకట్లో చూపునిచ్చే పరికరాలు అక్కడ తయారవుతున్నాయి.

చివరగా చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి నాగాయలంక. గుడివాడ షాపులో కొన్న కంప్యూటర్‌కి ఆటలో 96 వస్తోందని ఫోన్ చేసిన పిల్లవాడి ఇల్లు అది. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవులకి వచ్చాడు. వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. ఆయన పెద్దగా కంగారు పడలేదు గానీ ఒక ప్రశ్న వేశాడు.

"చెరువులో ఆక్సిజన్ ఎంతుందని అడిగితే, ఎప్పుడు చూసిందో చెప్పకపోతే ఆ అంకెకి విలువ లేదండి. మధ్యాహ్నం బ్రహ్మాండంగా ఉంటుంది, తెల్లారుజామున పడిపోతుంది. మావాడి అంకె ఎప్పటిది?"

నేను వచ్చిన పనంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. గదిలో 35. మామూలుగా ఆటలో ప్రాసెసర్ వేడి సినీబెంచ్ కన్నా తక్కువే ఉండాలి, ఎందుకంటే ఆట అన్ని కోర్లనూ పూర్తిగా వాడదు. షాపులో, ఇంతకన్నా వేడి గదిలో 84 దాటని అదే రకం చిప్పు ఇక్కడ ఆటలో 96కి వెళ్లిందంటే తేడా చిప్పులో లేదు. క్యాబినెట్‌ని చెక్క బల్ల అరలో దూర్చారు. వెనక భాగం గోడకి బెత్తెడు దూరంలో ఉంది. ముందు వైపు జాలీకి బదులు గాజు పలక. గ్రాఫిక్స్ కార్డు ఊదిన వేడి గాలి గోడకి తగిలి తిరిగి లోపలికే వస్తోంది.

అరలోంచి తీసి, గోడకి మూరెడు దూరంలో బల్ల మీద పెట్టాం. అదే ఆట, అరగంట. 83. షాపు యజమాని ఫోన్‌లో చెబుతూ ఉంటే కుర్రాడు బయోస్‌లోకి వెళ్లి, 70 దాటగానే ఫ్యాన్లు గట్టిగా తిరిగేలా మార్చాడు. 79. చప్పుడు పెరిగింది, అయినా ఫర్వాలేదన్నాడు. 96 వచ్చినప్పుడు కూడా వేగం తగ్గలేదు కాబట్టి చిప్పుకి ఏమీ కాలేదని ఫోన్‌లోనే తేల్చి చెప్పాడు యజమాని. కొత్త కూలర్ అక్కర్లేదన్నాడు.

"అన్నా, పక్క గ్లాసు తీసేసి ఆడుకోనా? ఇంకా తగ్గుతుంది కదా."

"తీయొద్దు తమ్ముడూ. మీ ఊళ్లో బల్లులు, చీమలు లోపలికి చేరతాయి. బోర్డు పోతే వారంటీ కూడా ఇవ్వరు. నెలకోసారి ఆపేసి, ప్లగ్గు తీసి, బ్రష్షుతో దుమ్ము దులుపు. మరీ కావాలంటే ముందు జాలీ ఉన్న క్యాబినెట్‌కి మార్చుకో."

ఫోన్ నాన్న చేతికి వెళ్లింది. "జాలీది ఎంతవుతుంది? పాతది తెచ్చిస్తే ఎంత తగ్గిస్తావు? శనివారం గుడివాడలో పనుంది, అప్పుడు వస్తాలే" అంటున్నాడాయన. కుర్రాడు ఈలోగా మళ్లీ ఆటలో పడ్డాడు, తెర మూలన అంకె 78, 79 మధ్య ఆడుతోంది.